అక్షరములతో పోరాడు బిడ్డలు: తల్లుల కర్తవ్యము

మన యిండ్లలో అక్షరాభ్యాసము జరుగు దినము చిన్న పండుగ వంటిది. పళ్లెరములో బియ్యము పోసి, పసుపు రాచిన పలకను ముందుంచి, బిడ్డ వ్రేలు పట్టి ఓనమాలు దిద్దించుచు, వీడు గొప్ప విద్వాంసుడు కావలయునని పెద్దలందఱు దీవింతురు. ఆనాడు దిద్దిన యక్షరములు కొలది మాసములలో బిడ్డకు స్వాధీనమైనచో సంతోషింతుము. మూడు నాలుగేండ్లు గడచినను స్వాధీనము కానిచో ఏమి చేయవలయునో మాత్రము మనకెవ్వరును చెప్పరు. మాకును చెప్పినవారు లేరు. మా రెండవ కుమారుని మూలమున మేము నేర్చుకొనిన సంగతులను, మేము చేసిన తప్పులతో సహా, తోడి తల్లులకు ఉపకరించునను తలంపుతో ఇచట వ్రాయుచున్నాము.

మా వారు ఉపాధ్యాయులు. మేము బడికి పోయి చదివినవారము కాము. మా తండ్రిగారు అమరము, రఘువంశము, భారత భాగవతములు ఇంటనే చెప్పిరి. ఇట్టి యింట పుట్టిన బిడ్డకు చదువు రాకపోవునని యెవ్వరూహింతురు? పెద్దవాడు నాలుగవయేటనే గోడలమీది ప్రకటనలు చదివెను. రెండవవాడును అట్లే చదువునని నమ్మియుంటిమి. వానికి మాటలు చక్కగా వచ్చినవి. మేము ఇంటిపని చేసికొనుచు చదువుకొను పద్యములను వాడు రెండు మాఱులు వినిన చాలును, మూడవ మాఱు తానే యొప్పగించెడివాడు. "వీడు ఏకసంథాగ్రాహి" యని మా అత్తగారు ఇరుగుపొరుగువారికి చెప్పుకొని మురిసెడివారు. ఆ జ్ఞాపకశక్తియే వాని కష్టమును చాలకాలము మాకు కనబడకుండ దాచినది. పైగా వాని మొదటి తరగతి కరోనా కాలమున గడచెను. బడులు మూతపడుటచే వెనుకబడెనేమో, అందఱు బిడ్డలు నట్లే యున్నారు గదా యని మేము సరిపెట్టుకొంటిమి.

వాడు రెండవ తరగతిలో నుండగా ఒకనాటి సాయంకాలము వాచకమును ముందుంచుకొని పాఠము గడగడ చదువుచుండెను. మేము దేవుని దీపము పెట్టి వచ్చి చూచునప్పటికి గాలికి పుట తిరిగిపోయి యుండెను. వాడు మాత్రము వెనుకటి పుటలోని పాఠమునే, క్రొత్త పుటమీద వ్రేలు జరుపుచు, ఒక్క మాట తప్పకుండ చదువుచుండెను. మా గుండె జల్లుమనెను. ఆ పుటలోని యొక చిన్న మాటను చూపి, "నాయనా, ఇదేమి మాట?" అని యడిగితిమి. అది "పలక" యను మాట. వాడు చాలసేపు చూచి, "వల..." అని యాగి, మా ముఖము వంక చూచి తల వంచుకొనెను.

నాటినుండి వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని గమనించితిమి. పకార వకారములు, మకార యకారములు, బకార భకారములు వానికి ఒకదానివలె నొకటి తోచుచుండెను. నిన్న గుర్తించిన యక్షరము నేడు క్రొత్తదగుచుండెను. గుణింతములకన్న ఒత్తులు మఱింత కష్టము. మనమెన్నడు నాలోచింపము గాని మన లిపిలో ఒక చిక్కు కలదు. "ఆస్తి" యను మాటను చూడుడు. ఇకారము వినబడునది తకారము పిదప. దాని గుర్తగు గుడి కనబడునది సకారముమీద. కన్ను చూచు క్రమము వేఱు, నోరు పలుకు క్రమము వేఱు. తక్కిన బిడ్డలు దీనిని తమకు తెలియకయే దాటిపోవుదురు. మా వాడు ఇట్టి ప్రతి మాటకడను ఆగి, "ఆసిత" యని తడవుకొనుచుండెను. లెక్కలు నోటితో నడిగినచో వెంటనే చెప్పును. అదే లెక్కను పుస్తకములో చూచి వ్రాసికొమ్మన్నచో 17ను 71గా వ్రాసికొని తప్పు చేయును.

వానిని వేసినది పట్టణములోని యొక ప్రైవేటు ఇంగ్లీషు మీడియము పాఠశాల. అచటినుండి వచ్చు డైరీలో ప్రతిదినము ఎఱ్ఱసిరాతో "శ్రద్ధ లేదు", "బద్ధకము", "ఇంటివద్ద చదివించుడు" అను మాటలే. మూడవ తరగతికి వచ్చునప్పటికి ప్రతి సోమవారము తెల్లవారగనే కడుపునొప్పి పట్టుకొనెను. వైద్యుడు చూచి ఏ వ్యాధియు లేదనెను. మా వారు సాయంకాలము చదివింప కూర్చుండి, పావుగంటలో ఓర్పు కోల్పోయి చేయి చేసికొనెడివారు. వ్రాయుటకు సిగ్గగుచున్నను దాచుట తగదు: మేమును కొట్టితిమి. ఒక రాత్రి దీపమార్పిన పిదప వాడు చీకటిలో, "అమ్మా, అన్నకు తెలివి యెన్నవయేట వచ్చినది? నాకెప్పుడు వచ్చును?" అని యడిగెను. మేమేమియు చెప్పలేక వానిని దగ్గఱకు తీసికొని పండుకొంటిమి. ఆ రాత్రి మాకు నిద్ర రాలేదు.

2023 సంక్రాంతి సెలవులకు ముందు పాఠశాల ప్రధానోపాధ్యాయిని మమ్ము పిలిపించి, "అమ్మా, మీ వాడు మా పాఠశాలకు తగడు. ఏడాది కాగానే టి.సి. తీసికొని వేఱొకచోట చేర్చుకొనుడు" అనిరి. ఉపాధ్యాయుని భార్యమైయుండి ఆ మాట విని తలవంచుకొని యింటికి వచ్చితిమి.

మా వారు పనిచేయు ప్రభుత్వ పాఠశాలకు మండల కేంద్రములోని భవిత కేంద్రమునుండి ఒక ప్రత్యేకోపాధ్యాయిని అప్పుడప్పుడు వచ్చుచుండెను. ఆమె తన పనియేమో చేసికొని పోవుటయే గాని ఆ పనియేమియని మా వారెన్నడు నడిగియుండలేదట. ఈ మాఱు అడిగిరి. ఆమె ఒక ఆదివారము మా యింటికి వచ్చి, బిడ్డతో రెండు గంటలు ఆటలాడుచున్నట్లే అక్షరములు, మాటలు, చప్పట్లు, కథలు అన్నియు పరిశీలించి, "మాస్టరుగారూ, మీ వాడు చదువకుండుట లేదు, చదువలేకున్నాడు. బెత్తముతో కుదురునది కాదండి ఇది" అనెను. మా వారు చాలసేపు మాటాడలేదు.

ఈ కష్టమునకు డిస్లెక్సియా యని పేరు. 1880వ దశాబ్దిలో రుడాల్ఫ్ బెర్లిన్ అను జర్మను నేత్రవైద్యుడు ఈ పేరు పెట్టెను. 1896లో ప్రింగిల్ మోర్గన్ అను ఆంగ్ల వైద్యుడు పదునాలుగేండ్ల బాలునిగూర్చి వ్రాసెను. ఆ బాలుడు తెలివిగలవాడు, ఆటలలో చుఱుకైనవాడు. అయినను తన పేరగు "పెర్సీ"లోని యక్షరములనే తారుమారుగ వ్రాసెడివాడు. చదువంతయు నోటిమాటగా జరిగినచో బడిలో వానిని మించినవాడుండడని వాని యుపాధ్యాయుడే చెప్పెనట. ఆ సంగతి విన్నప్పుడు మా బిడ్డను గూర్చియే యెవరో చెప్పినట్లుండెను.

ఇది మందబుద్ధి కాదు, సోమరితనము కాదు, తల్లి పెంపకములోని లోపము కాదు. మాటలోని ధ్వనులను విడదీసి వానిని అక్షరములతో జతపఱచు పని మెదడులో కొందఱికి సులభముగ జరుగదు. ఇది తఱచు వంశములో వచ్చునది. చదువుటలో నుండు కష్టమునకు డిస్లెక్సియా యనియు, వ్రాయుటలోని దానికి డిస్‌గ్రాఫియా యనియు, లెక్కలలోని దానికి డిస్‌కాల్క్యులియా యనియు పేళ్లు. మందు లేదు, కాని తగిన విధముగ బోధించినచో బిడ్డ చదువ నేర్చును.

పంచతంత్రమున రాజకుమారులు ముగ్గురు జడులని తండ్రి విచారించుచుండగా, వ్యాకరణమునకే పండ్రెండేండ్లు పట్టునని సభలోనివారు చెప్పిరి. విష్ణుశర్మ ఆ దారి విడిచి, కథల మూలమున ఆఱు నెలలలో నీతిశాస్త్రము నేర్పుదునని పూనుకొనెను. ఆ కథను చిన్ననాటినుండి యెన్నిమాఱులో చదివితిమి. బిడ్డను మార్చుటకు ముందు బోధించు పద్ధతిని మార్చి చూడవలెనను సంగతి దానిలో నున్నదని మాకు మా కుమారుని మూలముననే తెలిసెను.

ఇక చేయవలసిన పనులు. మొట్టమొదట కన్నులను, చెవులను పరీక్ష చేయింపవలెను. చూపు తక్కువగుటచేతనో వినికిడి తక్కువగుటచేతనో చదువలేని బిడ్డలును కలరు. వానిలో లోపము లేదని తేలిన పిదప మనస్తత్వ నిపుణులకడకు పోవలెను. భారత పునరావాస పరిషత్తున నమోదైన నిపుణులైనచో వారి పరీక్షకు విలువ యుండును. సికిందరాబాదు మనోవికాసనగరులో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ, ఇప్పుడు నీపిడ్ అనబడునది, ఇట్టి బిడ్డలకొఱకు పనిచేయుచున్నది. ముందుగ బుద్ధిపరీక్ష చేసి, తెలివి సరిగా నున్నదని తేలిన పిమ్మట, బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు కూర్చిన పరీక్షలచే చదువుట, వ్రాయుట, లెక్కించుట యనువానిని విడివిడిగ కొలుతురు. మా వానిని పరీక్షించినవారు తెలుగున కూడ చదివించి చూచిరి. ఇంటిభాషలో కష్టమున్నదా, ఇంగ్లీషులోనే కష్టమా యనునది తెలియుటకు ఇది యవసరము. మీరును అట్లు చేయుడని అడుగవలెను.

సర్కారు ధ్రువపత్రము కావలెనన్నచో యు.డి.ఐ.డి. కార్డుకొఱకు దరఖాస్తు చేసి, ప్రభుత్వ వైద్యశాలలోని వైద్యమండలి యెదుట బిడ్డను చూపవలెను. 2018 జనవరిలో ప్రకటింపబడిన మార్గదర్శకములలో మూడవ తరగతిలోగాని యెనిమిదవయేటగాని పాఠశాలలోనే తొలి పరిశీలన జరుగవలెనని చెప్పిరి. ఎనిమిదేండ్లు నిండిన బిడ్డకే పత్రమియ్యవలెననియు, పదునాలుగవయేట, పదునెనిమిదవయేట మఱల పరీక్షింపవలెననియు వానిలో నుండెను. ఎనిమిదేండ్లు నిండు వఱకు బోధనలో సాయము చేయరాదని దీని యర్థము కాదు. సాయము ఎంత ముందుగ మొదలైన నంత మంచిది.

ఈ పత్రము విషయమున మా యింట పెద్ద తగవు జరిగినది. "బంగారమువంటి బిడ్డకు అంగవైకల్యమని కాగితము వ్రాయించుకొందువా? రేపు పెండ్లినాడు నలుగురేమందురు?" అని మా అత్తగారు రెండు దినములు అన్నము ముట్టలేదు. ఆమె బాధ వట్టిది కాదు. ఆ భయము మాకును కలదు. అప్పుడు మా వారు తల్లి ప్రక్కన కూర్చుండి, "అమ్మా, వానికి బడిలో ఇప్పటికే మొద్దు అని పేరున్నది. అది ఏ వైద్యుడును చూడకయే పెట్టిన పేరు. ఈ కాగితము వాడు మొద్దు కాడని చెప్పును" అనిరి. ఆమె మాటాడక లేచి పోయి బిడ్డకు పెరుగన్నము కలిపి పెట్టెను. మఱునాడు వైద్యశాలకు మాతో ఆమెయే వచ్చెను.

చట్టమును గూర్చి స్త్రీలకేల యని కొందఱనవచ్చును. మా అనుభవమున చట్టము తెలిసినప్పుడే మా గొంతు వణకుట మానినది. 1995నాటి చట్టమున ఏడు వైకల్యములే పేర్కొనబడినవి. వానిలో ఈ కష్టము లేదు. 2016లో పార్లమెంటు దివ్యాంగుల హక్కుల చట్టమును చేసినది. 2017 ఏప్రిల్ 19నుండి అది యమలునకు వచ్చెను. ఇందు వైకల్యములు ఇరువదియొకటి. వానిలో నిర్దిష్ట అభ్యసన వైకల్యమొకటి. ప్రభుత్వ ధనము పొందునదైనను, ప్రభుత్వ గుర్తింపు మాత్రమే పొందినదైనను, ప్రతి పాఠశాలయు ఇట్టి బిడ్డలను వీలైనంత ముందుగ గుర్తించి తగిన బోధనోపాయములు చేయవలెనని పదునాఱవ సెక్షను చెప్పుచున్నది. పరీక్షలలో అదనపు సమయము, చెప్పినది వ్రాయుటకు లేఖకుడు, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు అనునవి పదునేడవ సెక్షనున కలవు. వైకల్యము నూటికి నలుబదికి తగ్గకుండ నున్నదని ధ్రువపత్రము పొందిన బిడ్డకు ఆఱవయేటినుండి పదునెనిమిదవయేటి వఱకు ఉచిత విద్య పొందు హక్కు ముప్పదియొకటవ సెక్షనున కలదు. నలుబదికి తక్కువైనచో ఏ సాయమును లేదని కొందఱు చెప్పుదురు, అది సరికాదు. నలుబది శాతము నిండనివారికిని పరీక్షలో లేఖకుని సాయము నిరాకరింపరాదని 2021 ఫిబ్రవరిలో, వ్రాయుటయందు కష్టముగల యొక యువకుని వ్యాజ్యమున, సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను.

2009నాటి విద్యాహక్కు చట్టము బిడ్డను కొట్టుటయు, మనసు నొప్పించి వేధించుటయు నిషేధించినది. ప్రాథమిక విద్య, అనగా ఎనిమిదవ తరగతి, ముగియు వఱకు బిడ్డను బడినుండి వెడలగొట్టరాదనియు అందు కలదు. "టి.సి. తీసికొనుడు" అని మాతో చెప్పినవారికి ఆ యధికారము లేదని తెలిసినప్పుడు మాకు కలిగిన ధైర్యము ఇంతంత కాదు.

అడుగు విధమును గూర్చి నాలుగు మాటలు. నోటిమాటగా అడిగినది గాలిలో పోవును. కావున ప్రధానోపాధ్యాయునకు ఉత్తరము వ్రాయవలెను. తేది వేసి, బిడ్డ తరగతిని, కష్టమును, పరీక్షల ఫలితమును తెలిపి, మనకేమి కావలెనో ఒకటి రెండు అని లెక్కపెట్టి వ్రాయవలెను. నకలుమీద "అందినది" అని సంతకము, ముద్ర తీసికొనవలెను. బిడ్డకొఱకు ప్రత్యేకముగ వ్యక్తిగత విద్యా ప్రణాళిక వ్రాయుమని అడుగవలెను. ఈ మూడు నెలలలో బిడ్డ ఏమి నేర్చుకొనవలెను, ఎవరు నేర్పుదురు, ఎట్లు కొలుతురు అనునది దానిలో నుండును. పాఠశాలనుండి జవాబు రానిచో మండల విద్యాధికారికి, పిదప జిల్లా విద్యాధికారికి వ్రాయవచ్చును. అప్పటికిని కార్యము కానిచో రాష్ట్రమున దివ్యాంగుల కమిషనరుకడ ఫిర్యాదు చేయవచ్చును. బిడ్డ నోటుపుస్తకములు, డైరీ, వైద్యుల కాగితములు అన్నియు ఒక సంచిలో వరుసగ నుంచుకొనుడు. మేము పెండ్లి చీరె వచ్చిన పెట్టెలో నుంచితిమి.

ప్రభుత్వ పాఠశాలలలోని బిడ్డలకు 2018లో మొదలైన సమగ్ర శిక్షా పథకమున సాలుకు 3,500 రూపాయల వఱకు ఒక్కొక్క ప్రత్యేకావసరములుగల బిడ్డకొఱకు వ్యయము చేయుటకును, అట్టి ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున పది నెలలు భృతి యిచ్చుటకును ఏర్పాటు చేసిరి. మండల కేంద్రములలో భవిత కేంద్రములున్నవి. ప్రత్యేకోపాధ్యాయులు చాలరనుట నిజము. ప్రాథమిక తరగతులలో ఇట్టి పదిమంది బిడ్డలకొకరు, పై తరగతులలో పదునైదుగురికొకరు చొప్పున నుండవలెనని 2021 అక్టోబరులో సుప్రీముకోర్టు చెప్పినది. కోర్టు చెప్పినంత మాత్రమున మన యూరి బడికి ఉపాధ్యాయుడు రాడు, అడుగువారుండవలెను.

మా మొదటి యుత్తరమునకు జవాబు రాలేదు. చట్టపు సెక్షనులు పేర్కొని రెండవ యుత్తరము వ్రాసితిమి. వారము దినములలో పిలిచిరి. టి.సి. మాట విడిచిరి. ప్రత్యేకోపాధ్యాయిని మాత్రము తమవద్ద లేదనిరి. అన్నియు సాధించితిమని చెప్పలేము. గంటకు ఇరువది నిమిషములు అదనపు సమయము, తరగతిలో అందఱియెదుట బిగ్గరగ చదువుమని నిర్బంధింపకుండుట, ప్రశ్నను ఉపాధ్యాయిని చదివి వినిపించుట, సాంఘిక విజ్ఞాన శాస్త్రములలో అక్షరదోషములకు మార్కులు తగ్గింపకుండుట, ఈ నాలుగిటికి సమ్మతించిరి. బోధించు పని మా చేతికే వచ్చినది. భవిత కేంద్రపు ఉపాధ్యాయిని శనివారములందు మాకు ఆ పద్ధతి నేర్పెను.

ఆ పద్ధతిలో బ్రహ్మవిద్య యేమియు లేదు. అమెరికాలో ఆర్టన్ అను వైద్యుడును, గిల్లింగ్‌హామ్ అను ఉపాధ్యాయినియు 1930వ దశాబ్దిలో దీనిని ఏర్పఱచిరి. కన్ను చూచుట, చెవి వినుట, వ్రేలు దిద్దుట ఒక్కమాఱే జరుగవలెను. పళ్లెరములో బియ్యము పోసి దిద్దించు మన ఆచారము ఇదియే గదా! మనము ఒక్క దినము చేసి విడిచిపెట్టితిమి. మేము ప్రతిదినము ఇరువది నిమిషములు, అంతకు మించకుండ, చేయించితిమి. ఒకమాఱు ఒక్క యక్షరమే. ఒకదానివలె నొకటి యుండు అక్షరములను వెంటవెంటనే చెప్పరాదు. పకారము స్థిరపడిన పదునైదు దినములకు గాని వకారము ముట్టలేదు. అక్షరముకన్న ముందు ధ్వని. "ప-ల-క" యని చప్పట్లు చఱచి మాటను విడదీయుట, మొదటి ధ్వని తీసివేసినచో ఏమి మిగులునని యడుగుట, అంత్యాక్షరి ఆడుట. ఒత్తులు వచ్చినప్పుడు హల్లునొక రంగున, ఒత్తునొక రంగున, గుడిని మఱియొక రంగున వ్రాసి, "గుడి యిచట నున్నను పలుకునది అచట" అని వ్రేలితో దారి చూపితిమి. పాఠములను మేము చదివి వినిపించితిమి. చదువుట రానంత మాత్రమున జ్ఞానము ఆగిపోరాదు గదా. తప్పు చదివినప్పుడు నిట్టూర్చుట మానితిమి. అన్నిటికన్న కష్టమైన పని అదియే.

ఆడపిల్లలను గూర్చి ప్రత్యేకముగ వ్రాయవలసియున్నది. మగబిడ్డకు చదువు రానిచో అల్లరి చేయును, ఇల్లంతయు గమనించును. ఆడపిల్ల తల వంచుకొని కూర్చుండును. ప్రక్కపిల్ల పుస్తకము చూచి అందముగ నకలు వ్రాసికొనును. "దీనికి చదువు అబ్బలేదు, ఇంటిపని చక్కగా చేయును" అని బడి మాన్పింతురు.

గత సంవత్సరము మా వారు స్కూటరు బాగుచేయించుటకు పోయిరి. ఆ దుకాణము వాడు పూర్వము వారి శిష్యుడు. చదువు రాదని ప్రతిదినము దెబ్బలు తిని యెనిమిదవ తరగతిలో బడి మానినవాడు. ఇంజను చప్పుడు వినియే దోషమెచట నున్నదో చెప్పగల నేర్పరి. మా వారు, "నాడు నిన్ను చాల కొట్టితిని. నీ కష్టము నాకు తెలియలేదు" అనిరట. వాడు తెల్లపోయి, "అయ్యో మాస్టారూ, ఎప్పటి మాటలండి అవి" అని, కొంతసేపటికి మెల్లగ, "మా పిల్ల రెండవ తరగతండి. దానికిని అక్షరములు నిలుచుట లేదు. వాళ్లమ్మ ప్రతిదినము కొట్టుచున్నది" అనెనట. మా వారు ఇంటికి వచ్చి చేతులు కడుగుకొనకయే ఆ పిల్లకొఱకు బడికి ఉత్తరము వ్రాయ కూర్చుండిరి. ఇప్పుడా పిల్ల శని ఆదివారములందు మా యింటికి వచ్చి, మా వాని ప్రక్కన బియ్యపు పళ్లెరము ముందుంచుకొని కూర్చుండును.

మా వాడిప్పుడు ఆఱవ తరగతి. మెల్లగ చదువును, తప్పులు నేటికిని వ్రాయును, దీర్ఘములు, ఒత్తులు తఱచు తడబడును. పరీక్షలన్న భయము పూర్తిగ పోలేదు. కాని సోమవారపు కడుపునొప్పి పోయినది. క్రిందటి నెల అత్తగారికి ఊరినుండి ఉత్తరము రాగా, ఆమె అద్దాలు కనబడక, వానిని పిలిచి చదువుమనిరి. వాడు వ్రేలు పెట్టి, ఒక్కొక్క మాటకడ నిలిచి, ఒక పుటకు పావుగంట పట్టించి చదివెను. ఆమె ఒక్కమాఱైనను తొందరపెట్టలేదు. చదివి ముగించి, "నాయనమ్మా, ఆఖరున 'ఆశీస్సులు' అని యున్నది. అందులో ఒత్తు నేనే చూచితిని" అనెను.

సోదరీమణులారా! మీ యింటనో, మీ ప్రక్కయింటనో ఇట్టి బిడ్డ యొకరుందురు. కఱ్ఱ తీయుటకు ముందు ఒక్కమాఱు ఆ బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, పుట తిప్పి, చదువని పాఠములోని చిన్న మాట చూపి చదువుమని యడుగుడు. బిడ్డ మీ ముఖము వంక చూచి తల వంచుకొనినచో కోపింపకుడు. ఆ దినమే బడికి ఉత్తరము వ్రాయుడు. వ్రాయుట రాని తల్లియైనచో మీరు వ్రాసి పెట్టుడు. చదువు నేర్చిన మనము మఱియొక బిడ్డ చదువునకు ఆ మాత్రము సాయమైనను చేయలేకపోము.